పాటకు నడుము కావాల

జయరాజును మట్టిలో పెట్టి వారం దాటినాక నాకు తెలిసింది. అది కూడా నాకు చెప్పాలని ఎవరూ చెప్పలేదు. పొద్దున కూరగాయల బండి దగ్గర నిలబడి ఉంటే, మా వీధిలో అద్దెకుండే రైల్వే ఆయన ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు. "గుంతకల్లులో పాటల జయరాజు అని ఉండె గదప్పా, పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరైనాడు, ఆయన పోయినాడంట." నేను ఏరుకున్న వంకాయలు మళ్ళీ బండి మీదే పెట్టేసినాను. బండాయన "ఏమ్మా, తూకం ఎయ్యద్దా?" అని అడుగుతున్నా పలక్కుండా ఇంటికొచ్చి కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆయన నాకు చుట్టం కాడు, మా కులం కాడు, నాతో పనిచేసినవాడు కాడు. ఏమవుతాడని ఏడవాలి? ఎండ గుమ్మంలో నుంచి నా కాళ్ళ మీదికొచ్చిందాకా అట్లే కూర్చొని, తర్వాత లేచి నిన్నటి చారే వెచ్చబెట్టుకున్నాను.

నేను పాటల్లోని మాటల గురించి రాసే మనిషిని. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనాక అదే నా పనైంది. ఒక పాటలో ఒక మాట ఆ చోటే ఎందుకు పడింది, ఇంకో మాట పడుంటే ఏమయ్యేది, అని పేజీలకు పేజీలు రాస్తాను. అనంతపురంలో, అప్పుడప్పుడు బయట ఊర్లలో, సభలకు పిలుస్తారు. మేడం గారి మేధస్సు అని మొదలుపెట్టి పరిచయం చేస్తారు, శాలువా కప్పుతారు, కారులో తెచ్చి బుక్కరాయసముద్రంలో మా ఇంటి ముందర దించి పోతారు. ఎవరో ఒకరు అడుగుతారు, పాటను ఇట్ల వినేది ఎవరు నేర్పినారు మేడం అని. మా నాయన, అని చెప్తాను. అది సగం నిజం. మిగతా సగం మా పుట్టింటి వెనక ఖాళీగా పడి ఉన్న ఒక గోడౌనులో జరిగింది, దాన్ని ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

గుంతకల్లులో మాది కిరాణా అంగడి. ముందర అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక తాడిపత్రి బండలు పరిచిన వాకిలి, ఆ వాకిలికి అవతల చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, నింపే గోడౌను. ఇల్లంతా బెల్లం, చింతపండు, గోనెసంచుల వాసన. గాలి స్టేషన్ వైపు నుంచి వీస్తే దాంట్లో బొగ్గుపొగ కలిసేది. ఆరేసిన తెల్లపంచల మీద సన్నటి నల్లనూక పడేది. మా అమ్మ దాన్ని చేత్తో దులిపేది కాదు, మరక పడుతుందని ఒంగి నోటితో ఊదేది. ఆమెకు గడియారం అక్కర్లేదు, రైలు కూతలను బట్టి ఎసరు పెట్టేది. మా అవ్వ వెనక గడప దగ్గర గోడకానుకొని, ముక్కులో పొడుం ఎక్కించుకొని, చింతపండులో గింజలు తీస్తూ ఉండేది. నాయన పొట్లం కట్టే కాయితాన్ని కట్టే ముందర చదివేవాడు. ఏ పాత వారపత్రిక సగం పేజీలోనో పద్యమో పాటో కనిపిస్తే, కందిపప్పుకు వచ్చిన మనిషిని అట్లే నిలబెట్టి గట్టిగా చదివి, లోపలికి కేకేసేవాడు. "వాసవీ! ఇట్ల రా. ఈ మాట ఈడ సరిగ్గా పడిందా ల్యాదా, చెప్పు." నేను జడ అల్లుకుంటూనో, నోట్లో ముద్ద పెట్టుకొనో వచ్చి చెప్పేదాన్ని. చెప్పినాక ఆ కందిపప్పు మనిషి వైపు తిరిగి, "చూడప్పా నా బిడ్డ తల ఎట్ల పనిచేస్తాదో" అనేవాడు.

ఆ తల కింద ఉన్నదాన్ని ఎవరూ చూడమనలేదు, చూడనూలేదు. నేను మా నాయన కంటే ఎత్తు. నల్లగా, బొమికలు తేలి, పై పళ్ళు కొంచెం ముందుకొచ్చి ఉండేదాన్ని. ఇంటికి వచ్చిన చుట్టాలు నన్ను చూసి ఒక క్షణం ఆగి, "పిల్ల బాగా చదువుతాదంట గదా" అనేవాళ్ళు. ఆ ఆగడం నాకు చిన్నప్పుడే అర్థమైంది. నాయన గడ్డం గీసుకునే అద్దం వాకిట్లో మొలకు తగిలించి ఉండేది. దానిలో ముఖం చూసుకోవాలంటే మా అమ్మ మునివేళ్ళ మీద నిలబడాలి, నేను ఒంగాలి. అందుకే ఎక్కువ చూసుకునేదాన్ని కాదు.

శాంత నా బడి స్నేహితురాలు. వాళ్ళ నాయన ఇంజన్ డ్రైవరు. రైల్వే కాలనీలో క్వార్టరు, ఆదివారం చర్చి, ఇంటి నిండా జనం. శాంత ఎంత అందంగా ఉండేదంటే, అంగడికి వచ్చినప్పుడు మా నాయన కూడా తూకం రాయి మర్చిపోయేవాడు. తాను అందంగా ఉన్నట్టు ఆమెకు తెలుసు. మనకు కుడిచెయ్యి ఉన్నట్టు మనకు తెలియదూ, అట్లా. దాని గురించి ఆలోచించేది కాదు. ఆమెకు ఇష్టమైనవి తిండి, నిద్ర. పాట అంటే చెవి లేదు. మగ్గం ఆడిన చప్పుడు మాదిరి అన్ని పాటలూ ఒకే తీరుగా వినిపిస్తాయి నాకు, అనేది.

ఆ ఏడు వాన రాలేదు. అంతకు ముందరి ఏడూ సరిగ్గా రాలేదు. విత్తనం వేసినవాళ్ళు వేసిన చోటే పోగొట్టుకున్నారు. యాడికి ఊరి నుంచి, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి మా గోడౌనుకు రావలసిన బండ్లు రాలేదు. నాయన రోజూ సాయంత్రం ఆ ఖాళీ గోడౌను తలుపు తీసి, లోపల చూసి, మళ్ళీ వేసేవాడు. అట్లాంటి ఒక సాయంత్రం జయరాజు వచ్చి, పండగకు వినాయకుని పందిట్లో పాడడానికి సాధన చేసుకోవాల, చోటు లేదు శెట్టిగారూ, అని అడిగినాడు. నాయన ఆలోచించలేదు. "కాయలు ల్యాకపోతే పాటలన్నా నింపుకోండప్పా" అని తాళంచెవి ఇచ్చేసినాడు.

వాళ్ళు ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు. శాంత వాళ్ళన్న డోలక్. జయరాజు హార్మోనియం వాయిస్తూ పాడేవాడు. సినిమా పాటలు కాదు, మాటలు తానే రాసి, వరస తానే కట్టేవాడు. అన్నకు తోడుగా శాంత వచ్చేది. అవ్వ వాళ్ళకు కాఫీ ఇచ్చే గ్లాసులు వేరే, ఆ గ్లాసులు వాకిట్లో కిటికీలోనే ఉండేవి, ఇంట్లోకి వచ్చేవి కావు. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు, అనుకున్నా బయటికి అనేవాళ్ళు కాదు. నేను గడప ఇవతల, అవ్వ పక్కన, చింతపండు ముందరేసుకొని కూర్చునేదాన్ని. నా చోటు ఆ గడప.

జయరాజు చూడడానికి గొప్పగా ఉండేవాడు కాదు. మనిషి పొట్టి. ముఖం చూస్తే మళ్ళీ గుర్తుండదు. పార్సిల్ ఆఫీసులో గుమాస్తా కాబట్టి ఒక్కో రోజు ఒక్కో వాసన తెచ్చేవాడు. ఒకరోజు మల్లెపూల గంపల వాసన, ఒకరోజు తమలపాకులు, ఎండాకాలంలో మామిడిపండ్లు. ఎవరెవరికో పోయే సరుకుల వాసనంతా ఆయన చొక్కాలో ఉండేది. హార్మోనియం పెట్టె ముందర కూర్చొని చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచేవాడు. ఒక చెయ్యి తిత్తి ఊదుతుంటే, ఇంకో చెయ్యి మెట్ల మీద పోతుంటే, ముంజేతి మీద నరాలు లేచి, అణిగి, మళ్ళీ లేచేవి. పై స్వరానికి పోయినప్పుడు మెడ వెనక్కి వాల్చేవాడు. అప్పుడు నేను చింతపండు వైపు చూసేదాన్ని.

మొదటి రోజుల్లో ఒక పాట ఎత్తుకున్నాడు. నీ కళ్ళు నిండిన చెరువులు, అని మొదలు. నా నోరు ఊరుకోలేదు.

"అన్నా, ఈ ఊర్లో నిండిన చెరువు ఎవరు చూసినారు?"

పెట్టె ఆగింది. "ఏమ్మా?" అన్నాడు.

"చెరువనంగానే మన జనానికి బీటలే కనపడతాయి. ఆయమ్మ కండ్లు బీటలు వారినాయేమో అనుకుంటారు."

డోలక్ మీద ఒక దెబ్బ పడింది, అందరూ నవ్వినారు. జయరాజు నవ్వలేదు. గడప దాకా వచ్చి నిలబడి, "మరి ఏం పెట్టాల?" అన్నాడు, నిజంగా తెలుసుకోవాలని.

"జనం తలెత్తి దేనికోసం చూస్తాండారు ఇప్పుడు? మబ్బు కోసం. అది పెట్టు."

ఆయన అక్కడే నిలబడి పెదాలు కదిలిస్తూ ఉన్నాడు. కాసేపటికి, "కమ్ముకొచ్చిన మబ్బు నీ కళ్ళలో ఉండాది" అన్నాడు. నేను గింజ తీస్తూ, "కురవకుండా పోతే నా గతేమైతాది" అన్నాను. ఆయన పొట్టి, నేను కూర్చున్నా ఎత్తే కాబట్టి, కొంచెం ఒంగంగానే ఆయన కళ్ళు నా కళ్ళకు ఎదురుగా వచ్చినాయి. "ఓయమ్మా" అన్నాడు. అవ్వ పొడుం తుమ్ము తుమ్మి, "బాగుండాది లేప్పా" అనింది.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం, "వాసవమ్మా, ఇది చెప్పు" అని గడప దగ్గరికి వచ్చేవాడు. నేను చెప్పేదాన్ని. ఈ మాట బరువు, దీన్ని చరణం చివరికి నెట్టు. ఈ రెండు మాటలూ ఒకటే చెప్తాండాయి, ఒకటి తీసెయ్యి. నడుమును తీగెతో పోల్చి పోల్చి జనానికి విసుగు పుట్టింది, తీగెను వదిలిపెట్టు. ఆయన నా మాట కోసం ఎంత ఆత్రంగా చూసేవాడంటే, అట్ల చూసే మనిషి మళ్ళీ నాకు తగల్లేదు. అయితే నా నోట్లో నుంచి మాట బయటపడిన మరుక్షణం ఆ చూపు మాటతో పాటే లేచి గోడౌనులోకి పోయేది. అక్కడ శాంత ఒక గోనెసంచి మీద కూర్చొని బెల్లం ముక్క చప్పరిస్తూ ఉండేది. ఆ కళ్ళు ఆమెవి, ఆ నడుము ఆమెది. నేను దిద్దిన ప్రతి మాటా పోయి ఆమె ఒంటి మీదే ఆభరణంగా కూర్చునేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగినాను. "ఆడమనిషి కండ్ల మీద, నడుము మీద ఇన్ని పాటలు రాస్తివి. ఆమె ఏమనుకుంటాదో, ఆ తలలో ఏముండాదో, దాని మీద ఒక్కటన్నా రాయకూడదా అన్నా?"

ఆయన చాలాసేపు ఆలోచించినాడు. "రాయొచ్చు వాసవమ్మా. పాట నిలబడదు. పాటకు నడుము కావాల."

"నా నడుమైతే తీసుకోండి, నాకేం" అనింది శాంత బెల్లం నోట్లో ఉంచుకొనే. "కొళాయి కాడ్నుంచి రెండు బిందెలు తెచ్చేటప్పుడు తెలుస్తాది దాని సంగతి. దాని మీద పాట రాసేవాళ్ళు ఒక బిందె మోస్తే బాగుండు."

అందరూ నవ్వినారు. అవ్వ కూడా నవ్వి, "నన్ను ఎవరూ పాడల్యా. పాడినా ఏం లాభం, మీ తాత చెవిటోడు" అనింది. అవ్వ తన ఒళ్ళు గురించి మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

అయినా జయరాజు నేనడిగిన మాట మర్చిపోలేదు. కొన్నాళ్ళకు ఒక వరస తెచ్చినాడు. "నువ్వన్నావని చేస్తాండా" అన్నాడు. ఆ పాట మేమిద్దరం కలిసి కట్టినాము, గడపకు అటు ఆయన, ఇటు నేను. అది ఇట్ల మొదలయ్యేది:

నువ్వు మాట్లాడితే నాకు నేనే తెలిసినా
నువ్వు ఊరకుంటే నాలోనే తప్పిపోయినా

ఎవరి మీద, అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అడగనంతకాలం నాదే అనుకోవడానికి వీలుంది. ఆ దినాల్లో నేను వాకిట్లో అద్దం ముందర ఎక్కువసేపు ఒంగి నిలబడేదాన్ని. అమ్మ చూసి ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం నా జడలో పెట్టడానికి కనకాంబరాలు కట్టి ఇచ్చింది. అడగకుండా ఇచ్చింది. అమ్మకు ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

పండగ నాడు పొద్దు గూకినాక, మా వీధి మొదట్లో పందిరి. ముందర మగవాళ్ళు, పక్కన తాడు కట్టి ఆడవాళ్ళు. నేను, శాంత, మా అవ్వ ముందు వరసలోనే. జయరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతులు మడుచుకున్నాడు. రెండు పాటలైనాక మా పాట ఎత్తుకున్నాడు. పల్లవి వరకూ జనం విన్నారు. మొదటి చరణంలో కదలడం మొదలైంది. ఎవరో లేచిపోయినారు. రెండో చరణం మధ్యలో వెనక నుంచి ఒకడు అరిచినాడు. "ఏమప్పా, పాట పాడతాండావా, పాఠం చెప్తాండావా?" పందిరంతా నవ్వు. ఇంకొకడు, "ఆ మబ్బు పాట ఎత్తుకోప్పా!" అన్నాడు. సాధన చేసేటప్పుడు గోడ అవతల నుంచి విని ఆ పాట అప్పటికే వీధివాళ్ళకు నోటికొచ్చింది.

జయరాజు ఆగినాడు. చెయ్యి పైకెత్తి నవ్వి, అట్లే మబ్బు పాటలోకి దిగినాడు. ఈలలు. చప్పట్లు. రెండు ఏండ్లుగా ఆకాశం వైపు చూసి చూసి మెడలు నొప్పి పుట్టిన మనుషులు, కురవకుండా పోతే నా గతేమైతాది అనంగానే గొంతు కలిపినారు. కొందరు ముసలివాళ్ళు కండ్లు తుడుచుకున్నారు. ఆ మాట నాది. నేను సంతోషపడాల. జయరాజు పాడుతూ ఆడవాళ్ళ వైపు చూసినాడు. ఆ చూపు నా దాకా వచ్చింది. నా భుజం మీదుగా పోయి శాంత ముఖం మీద నిలిచింది. శాంత అప్పుడు ఆవలిస్తూ ఉండింది.

మరుసటి రోజు వచ్చి, "మాట మంచిదే వాసవమ్మా. ఒంటరిగా కూర్చొని చదువుకునేదానికి బాగుంటాది" అన్నాడు. ఓదార్చాలనే అన్నాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆయన ఒక్కడే వచ్చినాడు. "అందరికంటే ముందర నీకే చెప్తాండా. శాంత వాళ్ళింట్లో ఒప్పుకున్నారు. నువ్వు నాకు గురువు లెక్క."

"మంచిది అన్నా" అన్నాను. ఊర్లో అందరినీ పిలిచే పిలుపే అది. ఆ పొద్దు మాత్రం ఆ మాట నోట్లో రాయిలాగా తగిలింది. ఏం చెయ్యాలో తెలియక, మబ్బు పాట మూడో చరణంలో ఒక చోట యతి చెడిందని చెప్పడం మొదలుపెట్టినాను. ఆయన కూర్చొని శ్రద్ధగా విన్నాడు. ఆ రోజు కూడా మేము మాటల గురించే మాట్లాడుకున్నాము.

పెండ్లికి నాయనతో కలిసి చర్చికి పోయినాను. శాంత తెల్లచీరలో ఉంటే, పాట రాసేవాళ్ళ తప్పేమీ లేదనిపించింది. నా చెయ్యి పట్టుకొని చెవిలో, "ఆకలైతాందే" అనింది. ఆ మరుసటి ఏడు వానలు పడినాయి. బండ్లు వచ్చినాయి, గోడౌను పైకప్పు దాకా నిండింది, పచ్చికాయల వాసనతో వాకిలంతా మత్తెక్కిపోయింది. ఊరంతా సంతోషం. పాడుకునేవాళ్ళకు చోటు లేక వేరే ఎక్కడికో పోయినారు. నేను పై చదువుకని అనంతపురం వచ్చేసినాను.

ఆ తర్వాతిది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళు కొందరు వచ్చినారు, పిల్ల బాగా చదువుకునింది అని చెప్పి పోయినారు. కొన్నాళ్ళకు రావడం మానేసినారు. ఉద్యోగం వచ్చింది. నాయన ఆఖరు రోజుల్లో, మంచంలో ఉండి, ఒకరోజు ఉన్నట్టుండి అడిగినాడు. "పెండ్లి మీద నీకు ఆశ ఉండెనా అమ్మా?" అంతకు ముందు ఎన్నడూ అడగలేదు. "ల్యాదు నాయనా" అన్నాను. ఆయన నమ్మినట్టే తల ఊపినాడు.

నేను చదివినంతలో, చెప్పినంతలో, మగవాడి ముంజేతుల మీద ఆడమనిషి పాడిన పాట కోసం చాలా వెతికినాను. దేవుడి చేతుల మీద ఉన్నాయి, ఎన్నైనా. దేవుడి భుజాలను, రొమ్మును, తొడలను పొగడొచ్చు, అది భక్తి. పార్సిల్ ఆఫీసు గుమాస్తా చేతుల మీద ఏమీ లేదు. ఈమధ్య ఒక సభలో ఒక చిన్నపిల్ల లేచి, పాటల్లో ఆడవాళ్ళ ఒళ్ళు వర్ణించడం మనల్ని అవమానించడం కాదా మేడం, అని అడిగింది. మంచి జవాబే చెప్పినాను, చప్పట్లు కొట్టినారు. ఇంటికొచ్చినాక ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది. ఆమెను ఎవరైనా పాడితే బాగుండునని ఆమెకు ఎప్పుడన్నా అనిపించిందా అని అడిగుండాల్సింది అనుకున్నాను. ఇప్పుడు పాట అందరి చెవుల్లోనూ ఉంది. బస్సులో నా పక్కన కూర్చున్న పిల్లలు చెవుల్లో పెట్టుకొని, కండ్లు మూసుకొని, ఎవరికి వాళ్ళే వింటారు. అప్పుడు ఒక పాట వినాలంటే పందిట్లో నలుగురి చెమట వాసన భరించాల, నచ్చకపోతే అరవాల. అక్కడైతే మన వైపు చూడని వాళ్ళను కూడా మనం చూడొచ్చు. ఇప్పుడు ఎవరు ఏ మాటకు ఉలిక్కిపడ్డారో పక్కనున్నవాళ్ళకు తెలియదు.

జయరాజు సంగతి తెలిసిన రెండు రోజులకు గుంతకల్లు పోయినాను. కాలనీ అవతల సొంత ఇల్లు కట్టుకున్నారు. శాంత వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు చాపుకొని ఉంది. మనిషి బాగా లావైంది. మోకాళ్ళు లేవనీయవు. మందం అద్దాల వెనక ఆ కళ్ళు చిన్నవైపోయినాయి.

"వచ్చినావా" అనింది. "కూర్చో."

"నాకెవరూ చెప్పలేదే."

"నేనే చెప్పొద్దన్నా పిల్లోళ్ళకు. నువ్వొస్తే శవప్పెట్టెలో నుంచి లేచి కూర్చొని, వాసవమ్మా ఇది చెప్పు, అంటాడేమో అనిపించింది."

కోడలు కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. శాంత వీధి వైపు చూస్తూ మాట్లాడింది.

"నువ్వంటే నాకు శానా మంటే. పాట రాసి వినిపిస్తాడు. ఎట్లుండాది అంటాడు. బాగుండాది అంటా. మొగం వాడిపోతాది. 'వాసవమ్మ ఉండింటే చెప్పేది' అంటాడు. కాపురమంతా ఆ ఒక్క మాట. రాన్రానూ రాసేదే మానేసినాడు. అదీ నావల్లే అనిపించేది నాకు."

"నాతో ఆయన పాట తప్ప ఇంకొక మాట మాట్లాడలేదు శాంతా."

"నాతో పాట తప్ప అన్నీ మాట్లాడినాడు" అనింది. "ఆ మబ్బు పాట నా కండ్ల మీద అని ఊరంతా అనిరి. నాకు కండ్ల ఆపరేషనై అద్దాలొచ్చినాక ఒకరోజు పాడమన్నా. గొంతు బాగల్యా అన్నాడు. సిగ్గుపడినాడో, జాలిపడినాడో. పాట ఉన్న చోటే ఉండె. నేనే దాంట్లో నుంచి బయటికొచ్చేసినా."

కోడలు లోపల బట్టలు ఉతుకుతున్న చప్పుడు వస్తోంది. శాంత కుర్చీలో ముందుకు ఒంగి గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మాటలు వద్దు, పాటలు వద్దు. ఆయన్ను, ఆ మనిషిని, నువ్వెప్పుడన్నా చూసినావా?"

చూడడం గురించి నేను గంటసేపు ఉపన్యాసం ఇవ్వగలను. ఇచ్చినాను కూడా. అప్పుడు మాత్రం ఒక్క మాటే వచ్చింది.

"ముంజేతులు" అన్నాను.

"ఏంది?"

"పెట్టె వాయించేటప్పుడు చొక్కా మడిచేవాడు గదా. ఆ ముంజేతులు. మెడ కూడా."

శాంత నన్ను రెప్ప వేయకుండా చూసింది. పెదాలు వణికినాయి. కోపమనుకున్నాను. "ఓయమ్మా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. దుఃఖమున్న ఇల్లు, బయటికి వినపడకూడదని కొంగు కుక్కుకొని నవ్వింది. ఒళ్ళంతా ఊగింది. నాకూ నవ్వొచ్చింది. కండ్లల్లో నీళ్ళు కారుతుంటే అద్దాలు తీసి తుడుచుకుంటూ, "ముంజేతులంట! చెప్పుండాల్సిందే నువ్వు" అనింది.

"చెప్తే ఇచ్చేసేదానివా?"

"ఎందుకిస్తా! ఇచ్చేదాన్ని కాదు. అయినా చెప్పుండాల్సింది. నీకూ ఒళ్ళుండాదని నాకు తెలిసుండేది."

ఇద్దరం వీధి వైపు తిరిగినాము. వీధిలో ఎద్దులబండి లేదు, ఇంజన్ పొగ లేదు, ఎవరిదో స్కూటర్ పోయింది. తర్వాత శాంత నేను అడగకుండానే చెప్పుకొచ్చింది. ఎడమచెయ్యి మోచేతి లోపల ఆయనకు ఒక పుట్టుమచ్చ ఉండేదని. "నువ్వు చూసిండవు, గడప కాడ్నుంచి కనపడదు." ఎంత చలిలోనైనా అరచేతులు వెచ్చగా ఉండేవని. ఆఖర్లో ఆ చేతులు చిక్కి కట్టెలైపోయినాయని, పొద్దున నూనె రాస్తుంటే వేళ్ళు మాత్రం దుప్పటి మీద మెట్లు నొక్కుతున్నట్టే కదిలేవని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె వేళ్ళు కుర్చీ చేతి మీద అట్లా కదిలినాయి. నేను వింటూ కూర్చున్నాను. ఏ మాటనూ దిద్దలేదు.

నేను వచ్చేటప్పుడు, లేవలేక, కూర్చున్న చోటి నుంచే నా చెయ్యి పట్టుకొని, ఫోన్ నంబరు చెప్పించుకొని కోడలితో ఎక్కించుకుంది. నేను ఇంటికొచ్చి తాళం తీసేటప్పటికి దీపాలు పెట్టే వేళైంది. సంచి కింద పెట్టకముందే ఫోన్ మోగింది.

"చేరినావా?" అనింది శాంత.

"ఇప్పుడే చేరినా."

"తిన్నావా?"

"తింటా."

"ఏం చేసుకుంటావు?"

నేను చేరినానా లేదా అని ఒక మనిషి అడిగి ఎంత కాలమైందో. "ఉగ్గాని చేసుకుంటా" అన్నాను.

"బొరుగులు ఉండాయా?"

"ఉండాయి."

"నిమ్మకాయ పిండుకో. సరే, పెట్టేస్తాండా."

పెట్టేయలేదు. ఫోన్ పక్కన పెట్టింది గానీ, నొక్కాల్సింది నొక్కినట్టు లేదు. ఆమె కుర్చీ జరిపిన చప్పుడు, మనవడెవడో అరిచిన అరుపు, గిన్నె మీద మూత పడిన చప్పుడు, ఎక్కడో టీవీలో ఒక పాట, అన్నీ వినిపిస్తున్నాయి. పాటలో మాటలు తెలియడం లేదు, వరస ఒక్కటే వస్తోంది. నేను ఫోన్‌ను పొయ్యి పక్కన గూట్లో నిలబెట్టి, బొరుగులు నీళ్ళలో వేసి, ఉల్లిపాయ ముందరేసుకొని కూర్చున్నాను. వాళ్ళింట్లో ఎవరో "అన్నం పెట్టేదా అమ్మా?" అని అడిగినారు. "పెట్టు" అనింది శాంత. నేను ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టినాను.